అంకెకీ అక్షరానికీ తగువొస్తే

(మన కూలి, మన మాట – 9వ భాగం)



ఈసారి ఒక చెక్కు గురించి చెప్తాను. అది మా అమ్మ చేతికొచ్చిన మొదటి చెక్కు.

విస్సన్నపేట చుట్టుపక్కల మామిడి తోటలు మీకు తెలుసు. కోతలు మొదలయ్యాయంటే మా పేటలో పగలు ఇంటిదగ్గర మనిషి కనపడడు. మగాళ్ళు చిక్కం కర్రలతో కాయ దింపుతారు. ఆడాళ్ళు చెట్టుకింద కూర్చుని రసాలు వేరు, బంగినపల్లి వేరు, కలెక్టరు వేరు చేసి, మచ్చకాయ తీసేసి, పెట్టెలకెత్తుతారు. మా అమ్మతో కలిపి ఎనిమిది మంది ఆడాళ్ళు ఒక తోటలో పది రోజులు చేశారు. మనిషికి రోజుకి 400 మాట. మొత్తం 32,000. మధ్యలో 5,000 అడ్వాన్సు తీసుకున్నారు. రావాల్సింది 27,000. ఈ లెక్కంతా మా అమ్మ నోటితోనే కట్టింది. కాయల్ని పుంజీల్లో లెక్కపెట్టి బతికిన మనిషికి ఇదొక లెక్క కాదు.

తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి డబ్బులు చేతికివ్వలేదు. పాస్‌బుక్కు ఉంది కదా అని అమ్మ పేరున చెక్కు రాయించాడు. నేను ఊళ్ళో లేను. పక్కింటి పిల్ల ఫోన్‌తో ఫొటో తీసి పంపితే చూశాను. అంకెల్లో 27,000 ఉంది. "సరేనమ్మా, బ్యాంకులో వెయ్యి" అన్నాను.

బ్యాంకు దాన్ని తిప్పి పంపింది. చిన్న చీటీ ఒకటి పిన్ను చేసిచ్చారు. అదీ ఇంగ్లీషులోనే. కౌంటర్లో మనిషి "తేడా ఉందమ్మా, చెల్లదు" అని పక్కనున్నాయన్ని పిలిచాడు. అమ్మ ఆ రాత్రి ఫోన్ చేసి అడిగిన మాట ఇది: "నేనేం తేడా చేశానురా?"

అప్పుడు ఫొటో మళ్ళీ తీసి చూశాను. అంకెల్లో ఇరవై ఏడు వేలు. దాని పైన ఇంగ్లీషు అక్షరాల్లో "ట్వెంటీ టూ థౌజండ్ ఓన్లీ". ఇరవై రెండు వేలు మాత్రమే. పీజీ చదివినవాణ్ణి. నాకు అక్షరం వచ్చు. కానీ అక్షరం చదవలేదు, అంకె చూసి సరే అన్నాను. ఈ భాగంలో నేను ఎవరెవర్ని తిట్టినా, ముందు ఆ లిస్టులో నా పేరు రాసుకోండి.

తర్వాత రోజు వెళ్ళి అడిగితే గుమస్తా ఏమన్నాడో తెలుసా? "అక్షరాల్లో ఉన్నదే లెక్కయ్యా. చట్టం కూడా అదే. ఇరవై రెండుకి వేరే చెక్కు రాసిస్తా, పట్టుకుపో."

వాడు చెప్పిన చట్టం అబద్ధం కాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 18వ సెక్షను. అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే అక్షరాల్లో ఉన్నదే మొత్తం. అంకెకీ అక్షరానికీ తగువొస్తే అక్షరం గెలుస్తుంది.

ఆ మాట ఒకసారి ఆగి చదవండి. మన తాతలకి అంకె వచ్చు. కాయెన్నో, కుంచమెన్నో, రోజులెన్నో వేళ్ళమీద చెప్పేవాళ్ళు. రానిదల్లా అక్షరం. రాకపోవడం కాదు, రానివ్వకపోవడం. ఎవరికైతే అక్షరం అందకుండా చేశారో, వాళ్ళ కూలి లెక్క చివరికి అక్షరం చేతిలో పెట్టారు. ఇంగ్లీషోడు మనమీద కక్షతో ఆ సెక్షను రాశాడని నేననను. వాడికి మనం ఉన్నామనే తెలీదు. అంకె దిద్దడం తేలిక, అక్షరం దిద్దడం కష్టం, అందుకని రాశాడు. కానీ విస్సన్నపేట తోటలో ఆ సెక్షను గుమస్తా నోటికొచ్చింది, మా అమ్మకి రాలేదు. కులం ఇలాగే పని చేస్తుంది. చట్టంలో కులం పేరు ఉండక్కర్లేదు, ఆ చట్టం ఎవరికి తెలుసు అన్నదాంట్లో కులం ఉంటుంది.

గుమస్తా చెప్పని సగం కూడా ఉంది. 18వ సెక్షను ఆ కాగితం ఎంతకి చెల్లుతుందో చెప్తుంది. మేం ఎంతకి పని చేశామో అది చెప్పదు. బాకీ 27,000 అయితే 22,000 కాగితం ఇచ్చినంత మాత్రాన మిగతా 5,000 చెల్లు కాదు. కాగితం తప్పయితే కాగితం మార్చాలి, కూలి మార్చకూడదు.

ఇక మాటల సంగతికొద్దాం. ఎందుకంటే ఈ దోపిడీ మొదట మాటల్లోనే ఉంటుంది.

డబ్బు ఒకటే. చేతులు మారేటప్పుడు దానికి ఎన్ని పేర్లో చూడండి. పంతులుగారికి ఇస్తే దక్షిణ. పండితుడికిస్తే సంభావన. రచయితకిస్తే పారితోషికం. వకీలుకీ డాక్టరుకీ ఫీజు. ఆఫీసరుకి జీతం. చట్టసభలో కూర్చున్నాయనకి గౌరవ వేతనం. మా అమ్మకి కూలి. డప్పు కొట్టిన మా తాతకి కళ్ళం దగ్గర కొలిచింది మేర. అది కూడా గింజ తూర్పారబట్టి, ఆసామి గాదె నిండాక. ఆరు మాటల్లో గౌరవం ఉంది. చివరి రెండు మాటల్లో చెమట ఉంది, గౌరవం లేదు. "కూలోడు" అంటే తిట్టు. "దక్షిణోడు" అని ఎవరైనా ఎవర్నైనా తిట్టడం విన్నారా?

క్రియలు ఇంకా మోసం. బ్యాంకుకి కిస్తు "చెల్లిస్తారు". కరెంటు బిల్లు "కడతారు". పన్ను "కడతారు". మా కూలి మాత్రం "ఇస్తారు". "ఇచ్చాంగా, ఇంకేంటి?" అంటారు. ఇవ్వడంలో పెట్టేవాడి దయ ఉంది. చెల్లించడంలో బాకీ ఉంది. చెల్లు అన్న మాటకి మన భాషలో ఎంత బరువుందో చూడండి. నోటు చెల్లుతుంది, మాట చెల్లుతుంది, బాకీ చెల్లుతుంది. అంటే విలువ ఉండటం. కూలి చెల్లించానని ఒప్పుకుంటే కూలోడి పనికి విలువుందని ఒప్పుకున్నట్టు. అందుకే ఆ మాట వాళ్ళ నోట రాదు.

అప్పు సంగతీ అంతే. ఒక ఆసామి ఇంకో ఆసామి దగ్గర తీసుకుంటే అది "చేబదులు". కాగితం లేదు, వడ్డీ లేదు, సాక్షి లేడు. అదే డబ్బు మా పేటకొస్తే "అప్పు". నోటు రాయాలి, జామీను కావాలి, మొదటి నెల వడ్డీ ముందే పట్టుకోవాలి. మా నాన్న తన జీవితంలో ఒక్కసారి కూడా చేబదులు తీసుకోలేదు. నమ్మకం అనేది కూడా ఒక ఆస్తి. దాన్నీ కులం చూసే పంచారు.

"రెండ్రూపాయల వడ్డీ" అంటే మనకి మంచివాడిలా కనపడతాడు. నూటికి నెలకి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు శాతం. బ్యాంకు ఏడాదికి ఇంత శాతమని చెప్తుంది, ఊరు నెలకి ఇన్ని రూపాయలని చెప్తుంది. రెండు భాషలు. "ఐదు రూపాయలేగా" అని తీసుకున్న పదివేలకి ఏడాదికి ఆరువేలు వడ్డీ. అరవై శాతం అంటే ఎవడూ తీసుకోడు. ఐదు రూపాయలంటే టీ డబ్బుల్లా ఉంటుంది. మాట చిన్నది చేసి మెడకేసే తాడు పొడుగు చేశారు.

ఈ రెండూ ఐదూ ఎక్కడివో తెలుసా? మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి. నెలవారీ వడ్డీ నూటికి బ్రాహ్మణుడి దగ్గర రెండు, క్షత్రియుడి దగ్గర మూడు, వైశ్యుడి దగ్గర నాలుగు, శూద్రుడి దగ్గర ఐదు. కులం దిగేకొద్దీ వడ్డీ ఎక్కుతుంది. పంచముడికి ఎంతో అందులో లేదు. పదో అధ్యాయంలో చండాలుడి ఆస్తి కుక్కలూ గాడిదలూ అని రాసినాయన, మనకి అప్పు పుడుతుందని ఊహించలేదు మరి. ఊళ్ళో ఈరోజు వడ్డీలు ఆ పుస్తకం చూసి పెడుతున్నారని నేననడం లేదు. పుస్తకం చూడకుండానే పెట్టగలుగుతున్నారు, అదే చెప్తున్నాను. పొలం ఉన్నోడికి రెండు, పొలం లేనోడికి ఐదు. పొలం ఎవరికి లేదో మళ్ళీ చెప్పాలా?

బ్యాంకులు రానప్పుడు కదా ఇదంతా, ఇప్పుడు కాదుగా అంటారు. 2006 గుర్తు తెచ్చుకోండి. అప్పుడు మన మండలం కృష్ణా జిల్లాలోనే ఉంది. మైక్రో ఫైనాన్సు సంస్థల వసూళ్ళు భరించలేక జనం తిరగబడితే, జిల్లా అధికారులు రెండు సంస్థల బ్రాంచీలు యాభై దాకా మూయించారు. ఐదేళ్ళు తిరక్కుండానే 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ అప్పుకి వాళ్ళు పెట్టుకున్న పేరేంటి? "ఆర్థిక చేకూర్పు". "సాధికారత". గ్రూపులో ఒకామె కట్టకపోతే మిగతా ఆడాళ్ళని ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టడానికి పేరు "సమష్టి బాధ్యత". మాటలు ఎంత మెత్తగా ఉంటే వసూలు అంత గట్టిగా ఉంటుందని అప్పుడే నేర్చుకోవాల్సింది.

తెలుగు భాషాభిమానులు ఒక మాటంటారు. బ్యాంకు మాటలన్నీ పరాయివి, అందుకే పేదోళ్ళకి అర్థం కావట్లేదని. నేను ఒప్పుకోను. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రశీదు, ఖాతా, నగదు – ఇవన్నీ పారసీ, అరబ్బీ నుంచి నవాబుల కచేరీల మీదుగా వచ్చినవే. మా అమ్మకి ఒక్కటీ పరాయిది కాదు. చెక్కు, లోను, డ్రా చెయ్యడం – ఇవీ ఆమెకి వచ్చు. ఆమెకి రానిదేంటో తెలుసా? "ఉపసంహరణ". "ధారకుడు". "నామనిర్దేశం". తెలుగు చేశామని చెప్పి సంస్కృతం చేసిన మాటలు. "డబ్బులు తీసుకునే కాగితం" అంటే నామోషీ వీళ్ళకి. మాట ఎక్కడ పుట్టిందన్నది కాదు నా గొడవ. ఎవరు వాడటానికి దాన్ని తయారు చేశారన్నదే నా గొడవ.

ఇప్పుడు సంతకం. ఒకప్పుడు పాలేరు తెల్లకాగితం మీద వేలిముద్ర వేసేవాడు, రాత తర్వాత నిండేది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ బాకీలన్నీ రద్దు చేసింది. మరి మన పిల్లలు చదువుకుని సంతకం నేర్చుకున్నారు కదా, ఏమైంది? ఫైనాన్సు వాడు ఇప్పుడు ఖాళీ చెక్కు మీద సంతకం అడుగుతున్నాడు. బండి కొన్నా, ఫీజుకి అప్పు చేసినా, "సెక్యూరిటీకే తమ్ముడూ" అని రెండు చెక్కులు. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏమందో తెలుసుకోండి. ఇష్టపూర్వకంగా సంతకం చేసిచ్చిన చెక్కులో మొత్తం వేరేవాళ్ళు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చావని కోర్టు ముందు అనుకుంటుంది. కాదని రుజువు చెయ్యాల్సింది నువ్వు. తాత వేలిముద్రా మనవడి సంతకమూ ఒకే చోట పడుతున్నాయి. మధ్యలో ఒక డిగ్రీ ఖర్చు మాత్రం అయింది.

అటువైపు చూడండి. చదువురానివాళ్ళ సేవింగ్స్ ఖాతాకి మామూలుగా చెక్కుబుక్కు ఇవ్వరని రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్లలోనే ఉంటూ వచ్చింది. మోసపోతారని జాగ్రత్త అట. మంచిదే. కానీ ఫలితం ఏంటి? మా అమ్మ తరం చెక్కు తీసుకోవడమే తప్ప రాయడం ఎరగదు. రాయనివాడికి అందులో ఎక్కడ మోసం ఉందో తెలీదు.

చెక్కు చెల్లకపోతే ఇంగ్లీషు చట్టంలో దానికి వాడే మాట "డిస్‌ఆనర్". అంటే అమర్యాద. కాగితానికి అమర్యాద జరిగింది! 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన 138వ సెక్షను ప్రకారం ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే, నోటీసిచ్చాక కూడా కట్టకపోతే, రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. అదే 1989లో మనకీ ఒక చట్టమొచ్చింది, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. దాని వెనక కారంచేడు రక్తం ఉంది. ఒకే ఏడాదిలో కాగితం మర్యాదకి రక్షణ, మన మర్యాదకి రక్షణ. తేడా ఎక్కడుంది? చెక్కు విషయంలో బాకీ ఉందని చట్టం ముందే అనుకుంటుంది. మన విషయంలో కులం పేరుతో తిట్టింది నలుగురి కంట పడేచోటో కాదో మనం చూపించాలి. బయటివాళ్ళెవరూ లేని నాలుగు గోడల మధ్య అయితే ఆ సెక్షను కిందకి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో తేల్చారు. కూలి లెక్కలు ఎక్కడ తేలుతాయి మరి? తోటలో షెడ్డు లోపల. నాలుగు గోడల మధ్యే.

ఇంకో పోలిక. చెక్కు ఇచ్చి ఎగ్గొడితే రెండేళ్ళు, రెట్టింపు. కనీస కూలి ఎగ్గొడితే? 2025 దాకా అమల్లో ఉన్న 1948 కనీస వేతనాల కేంద్ర చట్టం రాసుకున్న శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఐదొందలు! కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించుకోవడం 23వ అధికరణం కింద వెట్టేనని 1982లో సుప్రీంకోర్టు ఏషియాడ్ కూలీల కేసులో చెప్పింది. చెప్పాక కూడా 2025 దాకా ఆ చట్టంలో వెట్టి ఖరీదు ఐదొందల దగ్గరే ఉండిపోయింది. వ్యాపారి వ్యాపారికి బాకీ పడితే నేరం, కూలోడికి బాకీ పడితే గొడవ.

"ఇప్పుడు ఫోన్‌పే వచ్చిందిగా అన్నా, ఇంకా ఏంటి" అనే తమ్ముడికి. మా పెద్దమ్మ చిన్నప్పుడు కొట్టుకెళ్తే చిల్లర చేతిలో పెట్టేవాళ్ళు కాదు, పైనుంచి వదిలేవాళ్ళు. కింద పడితే ఏరుకునేది. ఇప్పుడు స్కానర్ ఉంది, చెయ్యి తగలక్కర్లేదు. అంటరానితనం పోయిందా, దాని అవసరం తీరిందా? నువ్వే చెప్పు. అయినా ఫోన్‌పేని నేను తిట్టను. మా ఎనిమిది మందినీ కాపాడింది అదే.

ఎలాగంటే, అడ్వాన్సు 5,000 వ్యాపారి ఫోన్ నుంచి పక్కింటి పిల్ల ఫోన్‌కి వచ్చింది. తేదీ ఉంది, టైము ఉంది, ఆయన పేరుంది. ఆ పిల్ల ఇంకో పని కూడా చేసింది. డిగ్రీ రెండో ఏడాది. సెలవులకొచ్చి, పది రోజులూ ఎవరెవరు పనికెళ్ళారో క్యాలెండరు వెనక రాసింది. ఎవరూ చెప్పకుండానే. ఆ క్యాలెండరు, ఆ ఫోన్, ఎనిమిది మంది ఆడాళ్ళు – ఇంతే మా బలగం. షెడ్డు లోపలికి రమ్మన్నాడు. మేం వెళ్ళలేదు. రోడ్డు మీదే నిలబడ్డాం. "ఏంటయ్యా, ఐదువేలకి ఇంత రభసా" అన్నాడు. "ఐదువేలు కాదు, పన్నెండు రోజుల పనిది" అంది మా అమ్మ. రోజుకి 400 చొప్పున ఒక మనిషికి పన్నెండున్నర రోజులు. లెక్క నోట్లోనే ఉంది ఆమెకి. నాలుగో రోజుకి 27,000 వచ్చింది. "పోన్లే, ఇస్తున్నా" అన్నాడు. మళ్ళీ అదే మాట.

ఇప్పుడు 1923 సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ ఏడాది మన బందరులో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అదే ఏడాది లండన్‌లో మన బాబాసాహెబ్ రాసిన "ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ" అచ్చయింది. మొదటిది మన పాఠాల్లో ఉంది. రెండోది ఎంతమందికి తెలుసు? విగ్రహం చేతిలో రాజ్యాంగం పెట్టాం, రూపాయి పుస్తకం ఎక్కడా పెట్టలేదు. రిజర్వ్ బ్యాంకుని ఆయనే పెట్టాడని ఫోన్లలో తిప్పుతుంటారు. అంత అతిశయం మనకక్కర్లేదు. హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూర్చుని, ఒక మహర్ కొడుకు ఈ దేశపు డబ్బు ఎలా నడవాలో చెప్పాడు. అది చాలు. ఆయన రూపాయి విలువ గురించి రాశాడంటే, రూపాయి విలువ పడితే మొదట ఎవరి కూలి కరుగుతుందో తెలిసి రాశాడు. మనం డబ్బు గురించి మాట్లాడటం చిన్నతనం అనుకుంటున్నాం. ఆయన అనుకోలేదు.

సెలవులకి ఊరెళ్ళే ప్రతి తమ్ముడికీ చెల్లికీ పని చెప్తున్నాను.

మీ పేటలో పనికెళ్ళే గుంపుకి ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, పేరు, మాట్లాడిన కూలి, ఇచ్చిన అడ్వాన్సు. ఫోన్‌లో డబ్బు తీసుకుంటే వేసేవాణ్ణి అందులో "కూలి" అని రాయమనండి. రాయకపోతే "మీరు పంపిన ఐదువేల కూలి అందింది" అని మీరే వెంటనే మెసేజి పెట్టండి.

ఖాళీ చెక్కు మీదా ఖాళీ నోటు మీదా సంతకం పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే అంకె, అక్షరం, తేదీ, ఎవరి పేరున అన్నది నింపి, ఫొటో తీసుకునే ఇవ్వండి.

చెక్కు చేతికొస్తే మొదట అక్షరాలు చదవండి, తర్వాత అంకె. ఎడమవైపు పై మూలన రెండు అడ్డగీతలుంటే అది ఖాతాలో పడాల్సిందే, కౌంటర్లో నగదు రాదు. తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. చెక్కు మీద అచ్చు హిందీ, ఇంగ్లీషుల్లో ఉన్నా, రాయడం తెలుగులో రాయొచ్చు. రిజర్వ్ బ్యాంకు సర్క్యులరే ఒప్పుకుంది. దరఖాస్తులు కూడా ప్రాంతీయ భాషలో ఉండాలంది. మా అమ్మ రాత్రిబడి చదువు చదివింది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. దూబగుంట ఆడాళ్ళు సారా కొట్లు మూయించింది ఆ రాత్రిబడి అక్షరాలతోనే. ఆ చెక్కు మీద "ఇరవై రెండు వేలు" అని తెలుగులో ఉంటే, తోట గట్టుమీదే పట్టుకునేది ఆమె. బ్యాంకు దాకా వెళ్ళి "నేనేం తేడా చేశాను" అని అడగాల్సిన పని ఉండేది కాదు.

కాబట్టి అడగాల్సింది ఇది: కూలి చెక్కు తెలుగులో రాయాలి. కూలి చీటీ తెలుగులో ఇవ్వాలి. పని చేసినోళ్ళు చదవలేని కాగితంతో కూలి చెల్లినట్టు కాదు.

చెక్కు నకలు ఇంట్లో ఉంచాను. అమ్మ మొన్న దాని వెనక తెలుగులో రాసింది: "ఇరవై ఏడు వేల రూపాయలు". "మాత్రమే" అని కూడా రాయాలమ్మా అన్నాను. ఎందుకంది. ఎవరూ చివర్లో ఇంకేమీ కలపకుండా అని చెప్పాను.

"మనకెవడు కలుపుతాడురా," అని నవ్వి, పెన్ను పక్కన పెట్టేసింది.

వచ్చే భాగంలో కాటా గురించి, తరుగు గురించి.

జై భీమ్.